పేర్లు ఉంచి క్రియలు తీసేసిన పుస్తకం

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగిన సంగతి. పక్క గూడెం బడిలో మైదానం నుంచి వచ్చిన సారు ఒకాయన, వరస తప్పి ముందుకొస్తున్న పిల్లవాణ్ని చూసి "ఉండు, ఉండు" అన్నారు. వాడు నేరుగా కుండ దగ్గరికి వెళ్లి గ్లాసు ముంచుకుని నీళ్లు తాగాడు. సారు తనను ఎగతాళి చేశాడనుకుని కోప్పడ్డారు. వాడి తప్పేమీ లేదు. మా గోండిలో 'ఉండానా' అంటే తాగడం. 'యేర్ ఉండానా' అంటే నీళ్లు తాగడం. సారు తాగమంటున్నాడు కాబోలు అని వాడు తాగాడు.

తమిళంలో 'ఉణ్' అన్నా కన్నడంలో 'ఉణ్ణు' అన్నా భోజనం చేయడం. ఒకే వేరు నుంచి వచ్చిన మాట ఒకచోట తిండి దగ్గర ఆగింది, మా దగ్గర నీళ్ల దగ్గర ఆగింది. డి.ఎడ్. చదివేటప్పుడు ఇవేవీ మాకు చెప్పలేదు. తర్వాత ఎవరో ద్రావిడ భాషల నిఘంటువు చూపిస్తే తెలిసింది. అప్పటి నుంచి క్రియాపదాల మీద నాకు ఒక రకమైన పట్టుదల పెరిగింది. ఈ వ్యాసం ఆ పట్టుదలతో రాస్తున్నదే. అయితే ఇది గోండి గురించి కాదు. దక్షిణ అమెరికాలో ఒరినోకో నది ఎగువన ఉండే యెక్వానా ప్రజల భాష గురించి, వాళ్ల కథల పుస్తకం గురించి.

యెక్వానాలు వెనిజులాలోని బొలీవర్, అమెజోనాస్ రాష్ట్రాల్లో, కౌరా, వెంతువారి, కునుకునుమా లాంటి నదుల ఒడ్డున ఉంటారు. సరిహద్దు దాటి బ్రెజిల్‌లోని రొరైమాలో కొన్ని వందల మంది ఉన్నారు. 2001 జనాభా లెక్కల నాటికి వెనిజులాలో ఆరు వేల పైచిలుకు. మన దగ్గర ఒక మండలానికి సరిపోని జనం. కర్రపెండలం వాళ్ల ముఖ్యమైన పంట. మనం సగ్గుబియ్యం చేసుకునే దుంపే, కానీ వాళ్లు పండించే చేదు రకంలో విషం ఉంటుంది. దాన్ని తురిమి, పొడవాటి అల్లిక గొట్టంలో పెట్టి పిండి, రసం తీసేసి, పెనం మీద రొట్టె కాలుస్తారు. చెట్టు మానును తొలిచి దోనెలు చేయడంలో చుట్టుపక్కల వాళ్లలో పేరు పొందినవాళ్లు. భాష కారిబ్ కుటుంబానికి చెందింది.

ఆ పుస్తకం పేరు 'వతున్న'. యెక్వానాలు తమ పుట్టుక కథలన్నిటినీ కలిపి పిలుచుకునే మాట అది. మార్క్ ద సివ్రియూ అనే పరిశోధకుడు ఏళ్ల తరబడి వాళ్ల మధ్య తిరిగి విని, స్పానిష్‌లో రాసి 1970లో అచ్చు వేయించాడు. 1980లో డేవిడ్ గస్ దాన్ని ఇంగ్లీషు చేశాడు. నేను చదివింది ఆ ఇంగ్లీషు పుస్తకం, ఒక మిత్రుడు తెచ్చిచ్చిన జిరాక్సు ప్రతి. అంటే నా దగ్గరికి వచ్చేసరికి ఆ కథ రెండు చేతులు మారింది. ఇప్పుడు నేను మీకు తెలుగులో చెబుతున్నాను కాబట్టి మూడు.

మొదట మంచి చెప్పాలి. పుస్తకం బాగుంది. రాత్రిపూట మొదలుపెడితే ఆపలేం. వనాది అనే సృష్టికర్త, అతనికి అడ్డుపడే ఒదోషా, చీకటిని దాచిన సంచి విప్పేసిన కోతి, తిండి పంటలన్నీ వేలాడిన మరావాక అనే మహావృక్షం, ఆ చెట్టును నరికిన కథ, అన్నీ ఉన్నాయి. మరావాక ఇప్పటికీ అక్కడ కొండగా నిలబడి ఉంది. మా జంగుబాయి గుహ సంగతి తెలిసినవాళ్లకు ఇలాంటి కథ ఎందుకు కొండ అవుతుందో చెప్పనక్కర్లేదు.

రెండోసారి చదివేటప్పుడు పెన్సిలు పట్టుకుని ఒక పని చేశాను. యెక్వానా మాట కనిపించిన చోటల్లా గీత గీశాను. వనాది, ఒదోషా, మరావాక, ఊరి గుండ్రటి పెద్ద ఇల్లు, గురువు, పక్షుల పేర్లు, చెట్ల పేర్లు, పైలోకాల పేర్లు. పేజీలు గీతలతో నిండిపోయాయి. గీత పడ్డవి దాదాపు అన్నీ పేర్లే, అంటే నామవాచకాలే. వనాది 'చేసిన' పనులు మాత్రం పూర్తిగా ఇంగ్లీషులో ఉన్నాయి. పక్కన మూల వాక్యం లేదు. పేర్లను అద్దాల పెట్టెలో పెట్టినట్టు జాగ్రత్తగా ఉంచి, క్రియలను మాత్రం ఊరవతల వదిలేశారు.

ఇది సివ్రియూ ఒక్కడి తప్పు అనను. మన దగ్గర కూడా అంతే. మా ప్రధాన్లు కింగ్రి వాయిస్తూ చెప్పే కథలు పుస్తకానికెక్కినప్పుడు పెర్సాపేన్ పేరు పెర్సాపేన్‌గానే ఉంటుంది. ఆయన చేసేవన్నీ మాత్రం 'అనుగ్రహించెను', 'అవతరించెను' అయిపోతాయి. మా అవ్వ ఎన్నడూ అనుగ్రహించెను అనలేదు.

ఒక ఉదాహరణ తీసుకుంటాను. 'వతున్న'లో వనాది పొగ తాగుతూ, గిలక ఊపుతూ, పాడుతూ కల కంటాడు. ఆ కల వల్లనే మనుషులు పుడతారు. అతని తల్లి కూడా అలాగే పుడుతుంది. కొడుకు తల్లిని కల కని పుట్టిస్తాడు. ఇంగ్లీషులో ఇది చదివితే కవి కల్పనలా, కొంచెం వింతగా ఉంటుంది. ఎందుకంటే ఇంగ్లీషులో కల కనడం ఒక మాట, బిడ్డను కనడం ఇంకో మాట, చూడటం మూడో మాట. తెలుగులో అలా కాదు. తల్లి బిడ్డను 'కంటుంది'. మనం కల 'కంటాం'. పాత తెలుగులో 'కను' అంటే చూడటం. కన్ను, కనిపించు, కనుగొను అన్నీ అక్కడివే. 'వనాది తన తల్లిని కన్నాడు' అని తెలుగులో ఒక్క వాక్యం రాస్తే ఆ కథ మొత్తం అందులో ఇమిడిపోతుంది. ఈ సంగతి తట్టిన రాత్రి నాకు చాలా సంతోషం వేసింది. తెల్లారేసరికి అనుమానం పట్టుకుంది. నేను తెలుగు క్రియ అందాన్ని యెక్వానా కథకు తొడిగేస్తున్నాను కదా? వనాది చేసిన పనికి కథ చెప్పిన పెద్దమనిషి నోటి నుంచి వచ్చిన క్రియ ఏది? అది నిద్రలో వచ్చే కలకు వాడే మాటేనా, తలచుకోవడమా, పాడటమా? పుస్తకం ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వదు. వాక్యం లేకుండా జవాబు ఎక్కడి నుంచి వస్తుంది.

ఇలాంటి చోట భాషాశాస్త్రజ్ఞుల పుస్తకాలు మేలు. యెక్వానా వ్యాకరణం మీద 1988లో కాథరిన్ హాల్, 2011లో నటాలియా కాసెరెస్ పెద్ద సిద్ధాంత గ్రంథాలు రాశారు. అందులో కథ రుచి ఉండదు, వాక్యం ఉంటుంది. నా చదువుకు అవి చాలా బరువు, పూర్తిగా అర్థమయ్యాయని చెప్పను. కానీ కారిబ్ కుటుంబం గురించి ఇలాంటి వ్యాకరణాలు చెప్పే కొన్ని సంగతులు మామూలు పంతులుకు కూడా అర్థమవుతాయి.

'తిను' సంగతి చూడండి. ఈ కుటుంబంలోని ట్రియో, పనారే వంటి భాషల్లో 'తిను' అనే ఒక్క మాటతో పని జరగదు. మాంసం తినడానికి ఒక క్రియ, పండ్లు తినడానికి ఇంకొకటి, రొట్టె లాంటివి తినడానికి మరొకటి. ఏం తింటున్నావో తెలియకుండా 'తిన్నావా' అని అడగడమే కష్టం. మనకు ఇది వింతగా అనిపించనక్కర్లేదు. మా ఇంట్లో గాటో అయితే 'తిందానా', జావ అయితే 'ఉండానా'. తెలుగువాళ్లు బీడీ కూడా తాగుతారు. మరోపక్క తెలుగులో తిను అనే మాట ఎంత దూరం పాకిందో చూడండి: అన్నం తింటారు, దెబ్బలు తింటారు, లంచం తింటారు. ఒక భాష తినడాన్ని తిండిని బట్టి విడదీసింది, ఇంకో భాష తినడాన్ని తిండి దాటించి ఎక్కడెక్కడికో తీసుకుపోయింది. రెండింటి ముందూ 'తిను' అని ఒకే మాట రాసిన పదపట్టిక రెండు భాషలనూ మింగేసినట్టే.

క్రియ మొదట్లో చేరే చిన్న ముక్కల సంగతి ఇంకా బాగుంటుంది. మనం 'కడుగు' అనే మాటకు వెనక 'కొను' తగిలించి 'కడుక్కొను' అంటాం. పని మన మీదికి తిరుగుతుంది. కారిబ్ భాషలు ఆ పనిని ముందు చేస్తాయి. యెక్వానాకు చుట్టమైన కరీనా భాషలో 'కుపి' అంటే ఇంకొకరికి స్నానం చేయించడం, 'ఎకుపి' అంటే తాను స్నానం చేయడం. 'ఎనె' అంటే చూడటం, 'ఒసెనె' అంటే తన్ను తాను చూసుకోవడం లేదా ఒకరినొకరు చూసుకోవడం. ఆ ముందు ముక్కను వదిలేసి 'చూడు' అని రాసుకుంటే, వేటగాడు జింకను చూశాడో, ఇద్దరు మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారో తెలియదు. కథలో ఆ రెండూ ఒకటి కావు కదా.

ఇంకొకటి. తెలుగులో మనం, మేము వేరు. ఇంగ్లీషులో, స్పానిష్‌లో ఆ తేడా లేదు. యెక్వానాలో ఉంది. నువ్వూ నేనూ కలిసిన మనకు 'కువు' లాంటి మాట, నిన్ను బయట ఉంచిన మేముకు 'న్న్యా' లాంటి మాట. ఆ శబ్దాలు మన లిపికి సరిగ్గా అందవు, దగ్గరగా రాశాను. మనకు సర్వనామం మారినా క్రియ మారదు: మనం పోతాం, మేం పోతాం. కారిబ్ భాషల్లో అలా కాదు. 'నువ్వూ నేనూ' అనే దానికి క్రియలో సొంత గుర్తు ఉంటుంది. 'మేము'కు మాత్రం 'అతను' అనే దానికి వాడే క్రియారూపమే వస్తుంది. అంటే వింటున్న నిన్ను కలుపుకోకపోతే నేను కూడా నీకు మూడో మనిషినే. ఇది నేను మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు బయట కూర్చున్నాను. స్పానిష్‌లో రాసుకునే పెద్దమనిషికి ఒక యెక్వానా పెద్ద కథ చెబుతూ 'మేము' అన్నాడా, 'మనం' అన్నాడా? వినేవాణ్ని కథ లోపలికి రానిచ్చాడా, గడప బయట కూర్చోబెట్టాడా? అనువాదంలో రెండూ ఒకటే మాట.

ఇక మాటల పుట్టుక. ఇందులో నాకు కోపం తెప్పించే విషయాలు రెండున్నాయి.

మొదటిది కారిబ్ అనే పేరు. మన పిల్లలకు వెస్టిండీస్ క్రికెట్ వల్ల కరీబియన్ అనే మాట తెలుసు. 1492లో కొలంబస్ దీవుల్లో దిగి, అక్కడి వాళ్లు తమ శత్రువుల గురించి చెప్పింది విని, 'కనీబా', 'కరీబా' అని రాసుకున్నాడు. కరీనా వంటి సొంత పేర్లకు దగ్గరి మాట అది. కరీనా భాషలో కరీనా అంటే మనిషి. ఆ మాటే యూరప్ భాషల్లో మనుషులను తినేవాడు అనే అర్థంతో స్థిరపడింది. ఇంగ్లీషు 'కానిబాల్' అక్కడిదే. 'మనిషి' అనే పేరు 'మనిషిని తినేవాడు' అయింది. అది మాటతో ఆగలేదు. 1503లో స్పెయిన్ రాణి ఇసాబెల్లా, ఆ నరమాంస భక్షకులనబడే వాళ్లను పట్టి బానిసలుగా అమ్ముకోవచ్చని ఆజ్ఞ ఇచ్చింది. ఇక ఎవరినైనా పట్టుకోవాలంటే ఆ పేరు పెడితే చాలు. తినడానికి ఇన్ని క్రియలు జాగ్రత్తగా విడదీసుకున్న భాషాకుటుంబానికి, పైవాళ్లు తగిలించింది ఆ ఒక్క తిండి. మన దేశంలో 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చినప్పుడు కూడా ముందు పేరు, తర్వాత నేరం. 1952లో చట్టం పోయింది, పేరు మాత్రం కొన్ని ఊళ్లలో ఇంకా పోలేదు.

రెండోది యెక్వానా అనే పేరే. పుస్తకాల్లో తరచుగా కనిపించే వివరణ ఇది: 'యె' అంటే చెట్టు, 'కు' అంటే నీళ్లు, 'అన' అంటే జనం, కాబట్టి నీళ్లలో మాను, అంటే దోనె జనం. వినడానికి అందంగా ఉంది. దోనెలు చేసే జనానికి దోనె పేరు. కానీ ఒక్కో అక్షరంతో ఒక్కో మాట చేసి కలిపితే ఏ పేరుకైనా ఏ అర్థమైనా వస్తుంది. త్రిలింగం నుంచి తెలుగు వచ్చిందని మనకూ చిన్నప్పుడు చెప్పారు, ఎంతమంది పండితులు దాన్ని ఒప్పుకున్నారు? పరీక్ష ఎలా పెట్టాలంటే, చుట్టుపక్కల పేర్లు చూడాలి. 1911 నుంచి 1913 వరకు రొరైమా నుంచి ఒరినోకో దాకా తిరిగిన జర్మన్ పరిశోధకుడు థియొడోర్ కోఖ్-గ్రూన్‌బర్గ్ ఈ జనంలో నాలుగు శాఖల పేర్లు రాశాడు: యెక్వానా, దెక్వానా, ఇహురువానా, కునువానా. నాలుగింటి చివరా ఒకే తోక ఉంది. ఇహురువానా అంటే నది తల వైపు జనం అని చెబుతారు. అంటే తోకకు ఆధారం ఉంది, దాన్ని ఒప్పుకోవచ్చు. తలకు మాత్రం ఆ బలం లేదు. చెట్టూ నీళ్లూ కలిపిన కథ తోక బలం మీద బతుకుతోంది. అందంగా ఉన్నంత మాత్రాన అది నిజమని పిల్లలకు చెప్పకూడదు. మాకిరితారే, మయొంగాంగ్ అనే పేర్లయితే పూర్తిగా ఇతరులు పెట్టినవి.

వాళ్లు తమను తాము పిలుచుకునే మాట ఇంకొకటుంది, 'సొతో'. మనిషి అని అర్థం. దోనె లేదు, నది లేదు, ఉత్త మనిషి. మమ్మల్ని లోకం గోండు అంటుంది, మేం మాత్రం కోయితూర్ అనుకుంటాం. కాబట్టి ఈ సంగతి నాకు ఎవరూ వివరించనక్కర్లేదు. దోనె జనం అనే పేరును ప్రతి పుస్తకం మొదటి పేజీలోనే చెబుతుంది, సొతో కోసం వెతుక్కోవాలి.

బయటి నుంచి వచ్చిన మాటల మీద నాకు కోపం లేదని కూడా చెప్పాలి. స్పానిష్ వాళ్లు తెచ్చిన పాత తుపాకీ పేరు అర్కబూస్. కారిబ్ కుటుంబంలోని పలు భాషల్లో తుపాకీకి 'అరకబూసా' లాంటి మాటే ఉంది. వస్తువు వచ్చింది, పేరూ వచ్చింది. మన తుపాకీ కూడా తుర్కీ వైపు నుంచి వచ్చిన మాటే. ఇలాంటి వాటిని తీసేసి భాషను శుద్ధి చేయాలనే మిత్రులు మనలో కొందరున్నారు. వాళ్లతో నాకు పేచీ. తుపాకీ ఎవరి చేతిలో ఉండి వచ్చిందో ఆ మాటే చెబుతోంది, దాన్ని తీసేస్తే ఆ చరిత్ర కూడా పోతుంది.

డేవిడ్ గస్ గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. అనువాదం తర్వాత ఆయన 1989లో ఇంకో పుస్తకం రాశాడు, యెక్వానా బుట్టల అల్లిక గురించి. కథలు వినాలని వాళ్ల ఊరికి వెళితే ఎవరూ కూర్చోబెట్టి కథ మొదలుపెట్టలేదట. మగవాళ్లతో కూర్చుని బుట్టలు అల్లడం నేర్చుకున్నాకే వతున్న అతనికి వినిపించడం మొదలైంది. మా ఇళ్లలో కూడా ఇప్పపువ్వు ఏరేటప్పుడు చెప్పే మాటలు కుర్చీలో కూర్చుంటే రావు. గస్ ఆ రెండో పుస్తకంలో, తాను ముందు అనువదించిన పుస్తకంలో లేనిదేమిటో తానే చూపించాడని నాకనిపిస్తుంది. అలా తన పనిని తానే దిద్దుకునేవాళ్లు అరుదు.

వెనిజులాలో 1979 ఆజ్ఞతో ఆదివాసీ పిల్లలకు రెండు భాషల చదువు మొదలైంది. 1999 రాజ్యాంగం ఆదివాసీ భాషలను ఆ ప్రజలకు అధికార భాషలుగా గుర్తించింది. కాగితం మీద మనకంటే ముందున్నారు. అయినా అక్కడి ఏ పంతులైనా వాచకం రాయడానికి కూర్చుంటే నాకొచ్చిన ఇబ్బందే వస్తుందని అనుకుంటున్నాను. మా పిల్లల కోసం గోండి పదాల పట్టిక తయారుచేసే కార్యశాలకు నేను రెండుసార్లు వెళ్లాను. రెండు గళ్ల కాగితం ఇచ్చారు: ఎడమ తెలుగు, కుడి గోండి. జంతువులు, ఆకులు, పండ్లు గంటలో అయిపోయాయి. 'తాగు' దగ్గర నేను నాలుగు వాక్యాలు రాస్తే గడి చాల్లేదు. ఒక గడికి ఒక మాటే అన్నారు అక్కడి పెద్దలు. 'ఉండానా' అని రాసి సంతకం పెట్టి వచ్చాను. ఆ పట్టికే అచ్చయింది.

ఇప్పుడు సొంత నోటుబుక్కు ఒకటి పెట్టుకున్నాను. మూడు గళ్లు గీశాను. మూడో గడిలో పూర్తి వాక్యం, అది ఎవరు ఏ పని చేస్తూ అన్నారో కూడా. 'ఉండానా' కింద ఏడు వాక్యాలు చేరాయి, అందులో రెండు మా అత్తమ్మవి, ఒకటి సంతలో ఒక ముసలాయన నన్ను తిడుతూ అన్నది. 'తిందానా' కింద పదకొండు. 'చూడటం' ఇంకా మొదలుపెట్టలేదు, ఎండాకాలం సెలవుల్లో చూడాలి.